గేటు ముందు నిలబడి చెప్పే మాట

మంత్రిగా చేశానంటే ఇప్పటికీ కుర్రాళ్ళు మొదట అడిగేది కారు గురించే. ఎర్రలైటు ఉండేదా తాతా, గన్‌మెన్ ఉండేవాడా, విమానం ఎక్కారా అని. ఉండేది, ఉండేవాడు, ఎక్కాను. అయిపోయిందా? ఇక పనిలోకి వద్దాం.

ఈ మధ్య మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో యూనియన్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడాలని ఉబలాటపడుతున్న ఇంకొందరు మా ఇంటికొచ్చి, మీ అనుభవాలు రాయండి అన్నారు. హిందీలో రాయమన్నారు. తెలుగు చదవడం రాదట. రాయను పొమ్మన్నాను. తిట్టడం, బతిమాలడం, బేరమాడటం అన్నీ నేను తెలుగులో నేర్చుకున్నాను, తెలుగులోనే రాస్తాను. చదవడం రానివాళ్ళు మీ అమ్మల చేత చదివించుకోండి. వాళ్ళకి కాస్త కాలక్షేపం, మీకు కాస్త సిగ్గు.

ఏ పదవి ఎప్పుడొచ్చిందో, ఎవరు దండ వేశారో రాయను. అవన్నీ మా ఆవిడ ఫొటోల్లో దాచిపెట్టింది. ముఖ్యంగా ఒక్క సంగతి చెప్పాలని కూర్చున్నాను. గతౌరా స్టేషన్ దాటాక ఒక ఇటుకల కార్ఖానా ఉండేది. అందులో ఇటుకలు మోసే బిసాహిన్ బాయి అనే ఆమె ఉద్యోగం పోబోయింది. దానికోసం నేను చేసిన పని నా మంత్రి పదవికి ఎసరు పెట్టింది. ఆ బేరం నాకు గిట్టుబాటైందనే ఇప్పటికీ అంటాను. ఎందుకో తెలియాలంటే ముందు మా షెడ్ గేటు దగ్గరికి వెళ్ళాలి.

సింహాచలం బాబాయి

మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పట్టాల పనికి బిలాస్‌పూర్ వచ్చాడు. నేను రైల్వే క్వార్టర్‌లోనే పుట్టాను. చదువు పెద్దగా అంటలేదు. స్టీమ్ ఇంజన్ల షెడ్‌లో ఖలాసీగా చేరి, తర్వాత ఫిట్టర్‌నయ్యాను. ఆ రోజుల్లో షెడ్‌లో సగం మంది మనవాళ్ళే. గేటు లోపలికి అడుగుపెడితే హిందీ కన్నా ముందు "ఏటిరా, టిఫినయ్యిందా" అనే మాట వినపడేది.

మా యూనియన్ బ్రాంచి సెక్రటరీ సింహాచలం. నాకు చుట్టం కాడు, అయినా అందరికీ బాబాయే. బాయిలర్ పనిలో ఏళ్ళ తరబడి అరిచి అరిచి మెల్లగా మాట్లాడటం మరిచిపోయిన మనిషి. రహస్యం చెప్పినా పక్క క్వార్టర్‌కి వినపడేది. ఆయనే నాకు గురువు. అంతకన్నా పెద్ద బాసు నాకు తర్వాత దొరకలేదు, ముఖ్యమంత్రితో సహా.

గేట్ మీటింగు అన్ని యూనియన్లూ పెడతాయి, అందులో వింత లేదు. మా షెడ్‌లో ఒక పద్ధతి అదనంగా ఉండేది. ఆఫీసరుతో లోపల ఏది మాట్లాడుకున్నా, సంతకం పెట్టకముందే గేటు దగ్గరికొచ్చి చెప్పాలి. చెప్పేటప్పుడు, ఆ ఒప్పందం వల్ల ఎవడు నష్టపోతాడో వాడు ముందు వరసలో నిలబడాలి. లాభపడేవాళ్ళు వెనక. సెక్రటరీ ఆ నష్టపోయేవాణ్ణి పేరు పెట్టి పిలిచి, మొహం చూసి, నీకు ఇది పోతుంది అని చెప్పాలి. వాడు తిడితే తిట్టినంతసేపూ వినాలి. బల్ల, మైకు ఏవీ ఉండకూడదు. వాడు నిలబడ్డ నేల మీదే ఈయనా నిలబడాలి.

కొత్తలో నాకిది చాదస్తంలా కనిపించింది. ఒకసారి అడిగేశాను. "ఏటి బాబాయ్ ఇది? పెళ్ళికొడుక్కేసినట్టు ఏడిసేవోడికి ముందు పీటేటి?"

"నవ్వేవోడు ఎనకాలున్నా నవ్వుతాడ్రా," అన్నాడు. "ఏడిసేవోడు ఎనకాలుంటే నాకెలగ కనపడతాడు?"

కూర్మినాయుడి తిట్లు

ఎనభైల్లో స్టీమ్ ఇంజన్లకి రోజులు దగ్గరపడ్డాయి. డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చేశాయి. షెడ్ ఒక్కో పక్కా మూస్తూ, మనుషుల్ని వేరే ఊళ్ళకి పంపుతామన్నారు. అందరినీ పంపేద్దామని ఆఫీసు, ఒక్కణ్ణీ కదలనివ్వమని మేము. చివరికి మాటలు కుదిరాయి. రిటైర్మెంటుకి దగ్గరున్న పెద్దవాళ్ళని ఇక్కడే ఏదో పనిలో పెడతారు, వయసున్న కొద్దిమంది దూరం వెళ్తారు. మంచి ఒప్పందమే. మాలో ఎక్కువ మందికి ఊపిరి వచ్చింది.

దూరం వెళ్ళేవాళ్ళలో కూర్మినాయుడు ఒకడు. పిల్లలు బడిలో ఉన్నారు, తల్లి మంచంలో ఉంది. బాబాయి గేటు బయటికొచ్చి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, "కూర్మినాయుడూ, ముందుకి రా" అని పిలిచాడు. సంగతి చెప్పాడు.

కూర్మినాయుడు మొదలుపెట్టాడు. "నువ్వు ముసిలోడివి గాబట్టి నీ కుర్సీ కాసుకున్నావు. నా తల్లిని నువ్వు మోస్తావేటి? నా పిల్లలకి నువ్వు కూడెడతావేటి? నీకు సందా కట్టినందుకు నా సెప్పుతో నన్ను నాను కొట్టుకోవాల." ఇంకా చాలా అన్నాడు, అవి మీ అమ్మలు చదివేవి కావు. నేను మధ్యలో వెళ్ళబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. అంతా విన్నాడు. కూర్మినాయుడు అలసిపోయి ఆగాక, "అయ్యిందా నానా? ఇంకా ఉందా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత వెనక్కి తిరిగి మళ్ళీ ఆఫీసులోకి నడిచాడు, నేనూ వెంట వెళ్ళాను.

లోపల బాబాయి అడిగింది కొత్తది. వెళ్ళేవాళ్ళ కుటుంబాలు పిల్లల చదువు ఒక దరికి చేరేదాకా ఇక్కడి క్వార్టర్‌లోనే ఉండాలి, ఇక్కడ ఖాళీ వస్తే మొదట వాళ్ళనే వెనక్కి పిలవాలి. పొద్దున్న మాటల్లో ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. ఆఫీసరు కుదరదన్నాడు. "అయితే సాబ్, మీరే గేటుకాడికి రండి, ఆ తిట్లు మీరు కూడా ఇనండి" అన్నాడు బాబాయి, ఆయన మామూలు గొంతులో, అంటే ఆఫీసంతా వినేట్టు. ఆఫీసరు నవ్వేశాడు. కాస్త గింజుకుని ఒప్పుకున్నాడు.

కూర్మినాయుడు కొన్నాళ్ళకి తిరిగొచ్చాడు కూడా. బాబాయి చాదస్తం ఎందుకో నాకు ఆ రోజే అర్థమైంది. తిట్లు తిన్నవాడు లోపలికి వెళ్ళి బేరమాడే తీరు వేరు. దండలు వేయించుకుని వెళ్ళినవాడు ఇచ్చింది పుచ్చుకుని వచ్చేస్తాడు.

టీ ఇచ్చే ఆఫీసర్లు

ఆఫీసర్ల గురించి కూడా నాలుగు మాటలు. బల్ల గుద్ది అరిచేవాడితో మీకు భయం లేదు. వాడి కోపం వాడి మొహం మీదే ఉంటుంది. జాగ్రత్తగా ఉండాల్సింది టీ తెప్పించి, తలుపు వేసి, "ఇది మన ఇద్దరి మధ్యే" అనేవాడితో. అలాంటి ఒకాయన మాకు తగిలాడు. మనిషి మంచివాడే, చాలా మర్యాదస్తుడు. ఆయన బాబాయికి టీ ఇచ్చి, చెవిలో ఒక మాట చెప్పి, బయట అనొద్దన్నాడట. బాబాయి సాసర్లో పోసుకుని టీ తాగాడు, గేటు దగ్గరికొచ్చాడు, "ఇది మా ఇద్దరి మద్దినే ఉండాలని సాబ్ గోరు సెప్పినారు" అని మొదలుపెట్టి మొత్తం అందరికీ చెప్పాడు. షెడ్ షెడ్డంతా నవ్వు. ఆ తర్వాత ఆ ఆఫీసరు గేటు దగ్గర వినపడినా ఫర్వాలేని మాటలే మాతో మాట్లాడేవాడు. అది ఆయనకీ సుఖంగానే ఉండేదనుకుంటాను.

మన నాయకుల్లోనూ ఆ టీకి పడిపోయినవాళ్ళు ఉన్నారు. పేర్లు రాయను, వాళ్ళ మనవలు మీ స్నేహితులే. లంచం తిన్నవాళ్ళు తక్కువ. "పెద్దవాళ్ళు నాతో అన్నీ చెప్పుకుంటారు" అనే గర్వానికి చెడిపోయినవాళ్ళే ఎక్కువ.

భోపాల్‌లో మా ఇల్లు

బాబాయి రిటైరై వెళ్ళాక సెక్రటరీ పని నాకొచ్చింది. తర్వాత రైల్వే ఉద్యోగం వదిలేసి ఎన్నికల్లో నిలబడ్డాను, గెలిచాను. అందులో మీరు నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. పార్టీలో ఇద్దరు పెద్దలు కొట్టుకుంటే మూడోవాడికి టికెట్ దొరికింది, అంతే. అప్పటికి ఛత్తీస్‌గఢ్ వేరుపడలేదు, మా రాజధాని భోపాల్. తొంభైల్లో కార్మిక శాఖ నా చేతిలో పెట్టారు. యూనియన్ నుంచి వచ్చినవాడు, కార్మికులకి నచ్చుతాడు అనుకున్నారు. నాకు చాలా గర్వమేసింది. దాచడం ఎందుకు? ఖలాసీగా బొగ్గు మసిలో దొర్లినవాణ్ణి మంత్రినైతే గర్వం రాదా? బాబాయి అప్పటికి లేడు. ఆయన చూడలేదన్నదొక్కటే నాకు వెలితి.

మా ఆవిడకి మాత్రం ఆ బంగళా అస్సలు నచ్చలేదు. "ఏటండీ ఈ ఇల్లు? ఈ గదిలోంచి కేకేత్తే ఆ గదిలో ఇనపడదు. మన క్వాటర్లో అయితే గుసగుసలాడితే సాలు" అనేది.

నాకూ అదే ఇబ్బంది ఆఫీసులో ఎదురైంది. మంత్రి గది అలా కట్టిందే. కేకలు లోపలికి రావు. మా శాఖ సెక్రటరీ శ్రీవాస్తవ గారు నెమ్మదైన మనిషి, నిజాయితీపరుడు, ఫైళ్ళు చదవడం నాకు ఆయనే నేర్పాడు. ఆయన ఒకసారి అన్నాడు, "సార్, మంత్రి దగ్గరికి చేరేసరికి ప్రతి సమస్యా చల్లబడిపోవాలి, అదే మా పని." ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం అన్నం చల్లారిపోయాక వడ్డించినట్టుండేది. అందుకే వీలైనప్పుడల్లా గొడవ జరిగే చోటికే పోయేవాణ్ణి. శ్రీవాస్తవ గారు తల పట్టుకునేవాడు.

ఇటుకల కార్ఖానా

ఇప్పుడు అసలు సంగతి. గతౌరా దాటాక ఉన్న ఆ కార్ఖానాలో కొలిమిల్లో వాడే ఇటుకలు చేసేవారు. పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. పచ్చి ఇటుకలు నెత్తిన పెట్టుకుని బట్టీకి మోసేది ఆడవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ ఛత్తీస్‌గఢీ మనుషులు. వాళ్ళు అడిగింది తాగడానికి మంచినీళ్ళు, చంటిపిల్లల్ని పడుకోబెట్టడానికి ఒక నీడ. అడిగిన గొంతు బిసాహిన్ బాయిది. మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు, ఆ కూలితోనే బతుకు. ఆమెను పనిలోంచి తీసేశారు. ఎందుకు తీశారని అడిగిన వాళ్ళనీ తీసేశారు. మిగతావాళ్ళు పని ఆపి గేటు ముందు కూర్చున్నారు. రోజులు గడిచాయి, పొయ్యిలు ఆరిపోయాయి, గొడవ పత్రికలకెక్కింది.

కార్ఖానా సేఠ్ మా పార్టీ పెద్దలకి కావలసినవాడు. ముఖ్యమంత్రి నన్ను పిలిచి, కూలీలంటే మీవాళ్ళే కదా, వెళ్ళి త్వరగా తేల్చండి అన్నారు. వెళ్ళాను. కార్ఖానా ఆఫీసు గదిలో సేఠ్, శ్రీవాస్తవ గారు, కార్మిక శాఖ అధికారులు, నేను కూర్చున్నాం. సేఠ్ ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వచ్చాడు. నీళ్ళు, సరే. నీడ, సరే. తీసేసిన వాళ్ళని మళ్ళీ పెట్టుకోవడం, సరే. ఒక్క బిసాహిన్ మాత్రం వద్దు. ఆమె ఉంటే రేపు ఇంకోటి అడుగుతుంది.

శ్రీవాస్తవ గారు నా వైపు వంగి, "సార్, ఇంతకన్నా మంచి ఒప్పందం దొరకదు. ఒక్క మనిషే కదా" అన్నాడు. ఆయన అన్నది తప్పని నేను అనను. ఏ కార్మిక అధికారైనా ఆ కాగితం మీద సంతకం పెట్టించి, ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు.

"అచ్ఛా, సంతకాల ముందు ఒకసారి గేటు దాకా వెళ్ళొస్తాను" అన్నాను.

"సార్, మంత్రిగారు అలా బయటికి వెళ్ళి..." అని ఆయన, పోలీసు అధికారి ఇద్దరూ లేచారు. మీరు కూర్చోండి అని చెప్పి నేను వెళ్ళాను.

గేటు బయట మట్టి నేల మీద ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. బిసాహిన్‌ని ముందుకి పిలిచాను. సన్నటి మనిషి, నెత్తి మీద ఇటుకలు పెట్టుకునే బట్ట చుట్ట చేతిలోనే ఉంది. నాకు వచ్చిన ఛత్తీస్‌గఢీలో, ఆమె మొహం చూసి చెప్పాను. అందరినీ తీసుకుంటారు, నిన్ను తప్ప. చెప్తుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అలాంటి మాటలు అంతకుముందు చాలామందికి చెప్పాను, అయినా అలవాటు కాలేదు.

వెనకున్న వాళ్ళు నన్ను దుమ్మెత్తి పోశారు. తిట్లు నాకు కొత్త కావు, ఛత్తీస్‌గఢీలో తినడం కొత్త. బిసాహిన్ మాత్రం తిట్టలేదు. ఆమె మాటలు తెలుగులో రాస్తున్నాను.

"మంత్రీజీ, ఇది నీ మాటా? సేఠ్ మాటా?"

"సేఠ్ పెట్టిన షరతు. నేనింకా ఒప్పుకోలేదు. నీకు చెప్పి ఒప్పుకుందామో కాదందామో చూద్దామని వచ్చాను."

"నీ మాట కానప్పుడు నువ్వెందుకు చెప్తున్నావు? సేఠ్ ల బలావ్," అంది, సేఠ్‌ని పిలువు అని. "ఇన్నేళ్ళు నేను ఇటుకలు మోస్తుంటే గట్టు మీద నిలబడి చూశాడు. ఇప్పుడూ చూసి చెప్పమను. నా ఎదురుగా చెప్తే లేచి వెళ్ళిపోతాను. ఎవరినీ అడగను."

అంటే, పందెం మొత్తం తన ఉద్యోగం మీదే కాసింది. సేఠ్ వచ్చి ఒక్క మాట అంటే ఆమె బతుకుతెరువు పోయినట్టే. నేను వద్దనబోయాను. వెనక ఆడవాళ్ళంతా "బలావ్, బలావ్" అని అందుకున్నారు.

బాబాయి పద్ధతిలో ఈ ముక్క లేదు. సెక్రటరీ నిలబడాలి, చెప్పాలి, తిట్టించుకోవాలి, అంతవరకే మాకు తెలుసు. షరతు పెట్టినవాణ్ణి రమ్మనడం బాబాయి ఆఫీసరుతో వేళాకోళంగా అన్నదే కానీ, ఎవరూ నిజంగా చేసింది లేదు. ఆమె దాన్ని నిజం చేసింది.

లోపలికి వెళ్ళి సేఠ్‌తో చెప్పాను. "బిసాహిన్ ఒప్పుకుంది. ఒక్కటే అడుగుతోంది. మీ షరతు మీరే వచ్చి ఆమెతో చెప్పాలట."

"నేనెందుకు? మీరు చెప్పారు కదా."

"నేను చెప్పాల్సింది నేను చెప్పాను. మీది మీరు చెప్పండి. నాలుగు అడుగుల దూరం, నేను పక్కనే ఉంటాను."

"అంతమంది ఆడవాళ్ళు. ఏమైనా అంటే?"

"అంటారు. నన్నూ అన్నారు. చూడండి, బతికే ఉన్నాను."

సేఠ్ లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూశాడు. బిసాహిన్ అక్కడే, గేటుకి ఎదురుగా ఒక్కతే నిలబడి ఉంది. ఆయన చెడ్డవాడని నేను అనుకోను. ఇంట్లో పనివాళ్ళకి పండక్కి బట్టలు పెట్టే మనిషే. ఒక ఆడమనిషి కూడు తీసేస్తున్నానని ఆ ఆడమనిషి కళ్ళలోకి చూసి చెప్పడం అంతవరకు ఆయనకి అవసరం పడలేదు, అంతే. ఎప్పుడూ మధ్యలో కూలీల్ని తెచ్చే ఠేకేదారో, లెక్కలు రాసే మునీమో, మాలాంటి మంత్రో ఉండేవాళ్ళం.

తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి గడియ మీద పెట్టాడు. వెళ్తాడనుకున్నాను. వెళ్ళి అనేస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు, మాటిచ్చింది ఆమె. సేఠ్ కాసేపు అలాగే నిలబడి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు.

"ఆమెను కూడా రమ్మనండి," అన్నాడు, నా వైపు చూడకుండా.

శ్రీవాస్తవ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను బయటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు లేచిన కేక ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఎన్నికల్లో గెలిచినప్పుడు కూడా అంత ఆనందం నాకు కలగలేదు.

ఆ తర్వాత

సేఠ్ ఆ రోజు ఒప్పుకున్నాడు కానీ ఆ అవమానం మరిచిపోలేదు. తనను కూలివాళ్ళ ముందు నిలబెట్టబోయాడని నా మీద భోపాల్‌లో చెప్పాల్సిన చోటల్లా చెప్పాడు. ముఖ్యమంత్రి నన్ను పిలిచి, "మీరింకా యూనియన్ మనిషిలాగే ఉన్నారు" అన్నారు. "అందుకే కదా సార్ తెచ్చుకున్నారు" అన్నాను. ఆయన నవ్వారు. నవ్వారంటే పని అయిపోయిందని నాకు తెలిసిపోయింది. తర్వాత మంత్రివర్గం మార్చినప్పుడు నా పేరు లేదు.

యూనియన్‌లోకి, రాజకీయాల్లోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. ఈ పద్ధతి అన్నిసార్లూ గెలిపించదు. గడియ తీసుకుని బయటికి వెళ్ళే సేఠ్‌లు ఉన్నారు, అలాంటి వాళ్ళ చేతిలో నేను తర్వాత ఓడిపోయాను కూడా. అయినా సరే, ఎవరి నోటి దగ్గర కూడు తీస్తున్నారో వాళ్ళని చూడకుండా సంతకం పెట్టకండి. చూశాక కూడా పెట్టగలిగితే పెట్టండి, అది మీ ఇష్టం. పెట్టాల్సిన రోజులూ వస్తాయి. నేను పెట్టాను, కూర్మినాయుడి విషయంలో బాబాయీ పెట్టాడు. కానీ చూడకుండా పెట్టలేదు.

పదవి పోయాక భోపాల్ నుంచి మా ఆవిడా నేనూ రైల్లో తిరిగొచ్చాం. మంత్రిగా ఉన్నప్పుడు బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం మీద నడవడానికి చోటుండేది కాదు. ఆ రోజు కాలనీ వాళ్ళు కొందరు, ఇటుకల కార్ఖానా ఆడవాళ్ళు కొందరు వచ్చారు. మా ఆవిడ సామాను దించుకుంటూ, "పోన్లెండి, ఇప్పుడు కేకేత్తే ఇనపడే ఇంటికెల్లిపోతాం" అంది. ఆమె నన్ను ఓదార్చడానికి అన్నా, ఆమె మొహంలో నిజంగానే సంతోషం ఉంది.

కార్ఖానా ఆడవాళ్ళు బంతిపూల దండ వేశారు. నేను వాళ్ళలో వెతుక్కున్నాను. నిజం చెప్పాలంటే కాస్త నొచ్చుకున్నాను కూడా. ఎవరికోసం ఇదంతా జరిగిందో ఆ మనిషే రాలేదు.

"బిసాహిన్ ఏది?" అని అడిగాను.

దండ వేసిన ఆమె నన్ను వింతగా చూసింది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఆమెకి ఇవాళ డ్యూటీ ఉంది కదా, నేతాజీ," అంది.

ప్లాట్‌ఫాం మీద అందరి ముందూ నాకు కన్నీళ్ళు వచ్చేశాయి. పదవి పోయినందుకు ఏడుస్తున్నాడని అనుకుని ఉంటారు చూసినవాళ్ళు. అనుకోనీ.